పొయ్యికాడి పొగ మన తలరాత కాదు

(సావిత్రీబాయి ఫూలే జయంతి సందర్భంగా జనవరి 3న వెంకటాచలం మండలంలోని ఒక దళితవాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ఉపన్యాస పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చు వేస్తున్నాం.)

 

నాకంటే ముందు మాట్లాడిన అన్న రిజర్వేషన్ల గురించి చెప్పినాడు. అక్క శ్మశానం స్థలం గురించి చెప్పింది. నన్ను సావిత్రీబాయి గురించి, చదువు గురించి మాట్లాడమన్నారు. అయ్యవారు గదా, చదువుకోండి చదువుకోండి అని చెప్పి కూర్చుంటాడని మీరూ అనుకోని ఉంటారు. నేను మాత్రం ఈ పొద్దు పొయ్యి గురించి మాట్లాడదామని వచ్చినా. నవ్వకండి. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ఇదేదో ఆడోళ్ళ మాటని లేచిపోవద్దు. మీకోసమే ముఖ్యంగా చెప్తుండా.

తెల్లారి ఆరు గంటలకు నేను ఈ వాడలోకి వచ్చినా. మంచు కాలం. నేల దగ్గర గాలి చల్లగా, బరువుగా ఉంటుంది గాబట్టి పొగ పైకి లేవదు. ఇళ్ళ మీద దుప్పటి పరిచినట్టు పరుచుకోని ఉండాది. ఒక ఇంట్లో వాకిలి తీసి ఉంది. లోపల ఒక చెల్లెలు ఎసరు పెడతా ఉంది. ఒళ్ళో బిడ్డ. పొయ్యిలో పచ్చి కంప. ఆ చెల్లెలు కళ్ళు కొంగుతో తుడుచుకోని నన్ను చూసి, "రాండన్నా, కాఫీ తాగుదురు" అనింది. నేను గడప లోపల రెండు నిమిషాలు నిలబడలేకపోయినా. ఆమె మూడు పూటలా అక్కడే ఉంటది.

మన పెద్దోళ్ళు ఒక మాట చెప్పేవాళ్ళు. మన మీదుగా పోయిన గాలి ఊళ్ళోకి రాకూడదని మన వాడను ఊరికి ఎడంగా, ఓ పక్కకు నెట్టినారని. మన నీడ మైల, మన గాలి మైల. నీళ్ళ సంగతి మనం పట్టుకున్నాం. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువులో దిగి దోసిలి పట్టి నీళ్ళు తాగినాడు. 1985లో కారంచేడు మారణకాండకు మొదలు కూడా చెరువు నీళ్ళ కాడ జరిగిన తగాదానే. భూమి గురించి మాట్లాడినాం, గుడి గురించి మాట్లాడినాం, గ్లాసుల గురించి మాట్లాడినాం. మన గాలి ఊరికి సోకుతుందని ఇంత దూరం పెట్టినోళ్ళు, మన ఇంటి లోపల మనం పీల్చే గాలి ఎట్లా ఉందని అడిగినారా? వాళ్ళు ఎందుకు అడుగుతారు? నా బాధ అది కాదు. మనమన్నా అడిగినామా అని.

నా కథ చెప్తాను. అది చెప్పకుండా మీకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు.

మాది కాలవ గట్టు మీద తాటాకు గుడిసె. పది అడుగులు ఒక పక్క, తొమ్మిది అడుగులు ఒక పక్క. కిటికీ అనేది లేదు. వంగి లోపలికి పోవాల. వాకిలికి ఎదురు మూలన మట్టిపొయ్యి. వర్షాకాలం, మంచుకాలం పొయ్యి లోపల, ఎండాకాలం బయట. పైన వాసాలకు, తాటాకులకు మసి పట్టి నల్లటి దారాల్లా వేలాడేది. గాలి కొడితే ఆ మసి బువ్వలో రాలేది. పొగకు తాటాకు పురుగు పట్టదని మా నాయన అనేవాడు. నిజమే, పురుగు పట్టదు. పురుగే బతకలేని చోట మేము అయిదుగురం పిలకాయలం పెరిగినాం.

మా యమ్మ పొద్దున్నే పొయ్యి రాజేసి, బువ్వ వండి, నాట్లకో కోతకో పోయి, పొద్దు గూకినాక నెత్తిన కంపమోపుతో వచ్చేది. ఆ మోపు ఊరికే వచ్చేది కాదు. మనకు చెక్క భూమి లేదు. కట్టె కొట్టుకోవాలంటే ఎవడిదో గట్టు, ఎవడిదో తోపు. నాకు పదేళ్ళప్పుడు ఒక ఆసామి గట్టు మీద సర్కారు తుమ్మ కంప కొట్టిందని మా యమ్మ చేతిలో కొడవలి లాక్కున్నారు. ఆ కంప వాళ్ళు నాటింది కాదు, నీళ్ళు పోసింది కాదు. ఆమెను మూడు రోజులు తిప్పించుకోని, వాళ్ళ దొడ్డి ఊడిపించుకోని కొడవలి ఇచ్చినారు. మన ఇళ్ళల్లో పొగ ఎందుకు ఎక్కువో ఇందులోనే ఉంది, చూడండి. సరుగుడు మోళ్ళు, ఎండిన చింత మొద్దులు డబ్బున్నోడికి. మనకు దొరికేది పచ్చి కంప, తాటిమట్ట, ఊక, పిడక, తడిసిన గడ్డి. పచ్చిది మండదు, పొగుస్తుంది. మంట సరిగా లేకపోతే కట్టెలో ఉండేదంతా కాలదు, కాలని భాగమే పొగ. భూమి లేనోడికి ఎండు కట్టె కూడా ఉండదు. తర్వాత్తర్వాత మన తీరంలో పోరంబోకులు, బీళ్ళు రొయ్యల గుంటల కింద పోయినాక ఆ కంప కోసం కూడా ఇంకా దూరం నడవాల్సి వచ్చింది.

ఆ పొయ్యి వెలుతురులో నేను చదువుకున్నా. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. అప్పట్లో ఇది గొప్పగా చెప్పుకునేవాణ్ణి, పొయ్యి వెలుతురులో చదివినానని. పొయ్యి వెలుతురు నాది, పొయ్యి పొగ మా యమ్మది.

2000వ సంవత్సరంలో డ్వాక్రా గ్రూపులో మా యమ్మ పేరుతో దీపం కనెక్షన్ వచ్చింది. ఆ బండకు మా యమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి, పాత చీర కప్పి మూలన పెట్టింది. చుట్టాలొస్తే కాఫీకి ఒకసారి వెలిగించేది. ఎందుకమ్మా వాడవు అంటే, "గ్యాసు బువ్వకు రుచి ఉండదు నాయనా" అనేది. నేను నమ్మినా. నమ్మడం నాకు సుఖంగా ఉండింది. నిజమేందంటే ఒక బండ నింపాలంటే ఆమె నాలుగైదు రోజుల కూలి పోవాల. 2003లో నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతాలతో నేనేం కొన్నానో తెలుసా? బండి కొన్నా. గ్యాసు బండ కాదు, మోటార్ సైకిల్. దాని మీద సభలకు తిరిగినా, ఆత్మగౌరవం గురించి ఉపన్యాసాలు ఇచ్చినా. రాత్రి పన్నెండింటికి ఇంటికొస్తే మా యమ్మ లేచి మళ్ళీ కట్టెలు ఎగదోసి పులుసు వెచ్చబెట్టేది.

బళ్ళో నేను చెప్పేది సైన్సు. దహనం పాఠం చెప్పేవాణ్ణి. గాలి చాలకపోతే అసంపూర్ణ దహనం, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుందని బోర్డు మీద రాసేవాణ్ణి. ఇంట్లో మా యమ్మ దగ్గుతా ఉండేది.

2011లో మెట్టు ఎక్కలేకపోయింది. నెల్లూరు తీసకపోయినా. డాక్టరు ఆమెను అడగలేదు, నన్ను అడిగినాడు: "బీడీలు తాగుద్దా? చుట్ట తాగుద్దా?" లేదన్నా. నమ్మలేదు. మన ఆడోళ్ళను చూసే చూపు ఎట్లుంటుందో మీకు తెలుసు. మళ్ళీ అడిగినాడు. గొట్టంలో గట్టిగా ఊదించి పరీక్ష చేసినారు. ఊపిరి గొట్టాలు సన్నబడి పోయినాయి, ఇది సీఓపీడీ అనే జబ్బు, పోయేది కాదు, మందు పీల్చుకుంటా ఉండాలన్నారు. బయటికొచ్చినాక మా యమ్మ అడిగింది, "బీడీ తాగనోళ్ళకు కూడా బీడీ జబ్బు వస్తుందా నాయనా?" రెండేళ్ళకు పోయింది. ఊళ్ళో అందరూ ఉబ్బసం అన్నారు. కొందరు తలరాత అన్నారు.

తలరాత కాదని చెప్పడానికే వచ్చినా.

పొగంటే కంటికి కనపడే నల్లటిది మాత్రమే కాదు. అందులో మన తల వెంట్రుకలో ముప్పయ్యో వంతు మందం కూడా లేని ధూళి ఉంటుంది. పెద్ద దుమ్మును ముక్కు ఆపుతుంది, దగ్గు బయటికి తోస్తుంది. ఈ సన్నటి ధూళిని ఆపేది ఏదీ లేదు. ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది, అక్కడి నుంచి నెత్తుటిలోకి కూడా పోతుంది. ఊపిరి గొట్టాలు వాచి, గళ్ళ పెరిగి, ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా సన్నబడతాయి. గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్, కంటికి శుక్లాలు వీటన్నిటికీ ఈ పొగతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తా ఉంది. పసిబిడ్డలకు న్యుమోనియా. బిడ్డ పెద్దోడికంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తాడు, వాడి ఊపిరితిత్తులు ఇంకా తయారవుతా ఉంటాయి. వాణ్ణి మనం ఒళ్ళో పెట్టుకోని పొయ్యి ముందు కూర్చుంటాం.

2020లో ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో 32 లక్షల మంది ఇంటి పొగ వల్ల చనిపోయినారని ఆ సంస్థ లెక్క. మన దేశంలో 2019లో 6 లక్షల మందికి పైగా అని లాన్సెట్ వైద్య పత్రికలో మన శాస్త్రజ్ఞులే రాసినారు. 6 లక్షలంటే ఎంత? ఏ రోజు పేపర్లోనన్నా ఈ చావుల వార్త చూసినారా? బస్సు బోల్తా పడితే మొదటి పేజీ. పొయ్యి ముందు కూర్చోని మెల్లగా చచ్చిపోతే అది వార్త కాదు.

ఇదంతా యాడనో దూరదేశం సంగతి అనుకోవద్దు. మన తెలుగు నేల మీదనే కొలిచినారు. మద్రాసులోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల వాళ్ళు, కల్పనా బాలకృష్ణన్ అనే ఆమె ఆధ్వర్యంలో, నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 420 ఇళ్ళల్లో గాలి కొలిచే యంత్రాలు పెట్టినారు. 2004లో ఫలితాలు అచ్చు వేసినారు. ఊపిరితిత్తుల లోతుకు పోయే ధూళి, రోజు మొత్తం మీద సగటున, గ్యాసు ఇళ్ళల్లో ఘనమీటరు గాలికి 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టె పిడకల ఇళ్ళల్లో 732 దాకా ఉంది. పది రెట్లు. బయట గాలిలో సన్నటి ధూళి రోజుకు 60 దాటకూడదని మన ప్రభుత్వం పెట్టుకున్న హద్దు. ఆ రెండు కొలతలూ అచ్చంగా ఒకటే కాకపోయినా తేడా మీకు తెలుస్తూనే ఉంది. ఇంకో సంగతి. ఆడోళ్ళల్లో ఎక్కువ పొగ పీల్చింది పదిహేను నుంచి నలభై ఏళ్ళ లోపు వాళ్ళు, అంటే వండేవాళ్ళు, వండేటప్పుడు సాయం పట్టే ఆడపిల్లలు. అందరికంటే తక్కువ పీల్చింది ఎవరు? బయట తిరిగే వయసు మగోళ్ళు. మగోళ్ళల్లో ఎక్కువ పీల్చింది ఇంటి పట్టున ఉండే ముసలోళ్ళు. అంటే ఒకే ఇంట్లో కూడా గాలి అందరికీ ఒకటి కాదు. తమ్ముళ్ళారా, అందుకే మిమ్మల్ని లేచిపోవద్దన్నా.

మరి దీనికి ఉపాయం ఎవరికీ తెలియదా? తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు అనే ఆయన 1950ల్లోనే పొగగొట్టం పెట్టిన మట్టిపొయ్యి చేసి చూపించినాడు, దాని మీద 1953లో ఇంగ్లీషులో పుస్తకం కూడా వేసినాడు. కోట్లమందికి పొగలేని వంటిల్లు అని దాని పేరు. 1983 నుంచి కేంద్ర ప్రభుత్వం పొగలేని పొయ్యిల పథకం నడిపింది. మా వాడలో కూడా కట్టినారు. ఆ పొయ్యి నోరు మన కుండకు చాలదు, గొట్టం మసితో మూసుకుంటే ఎట్లా కడగాలో ఎవరూ చెప్పలేదు. ఒక్క వానకు పగిలింది. మా యమ్మ దాని మీద నీళ్ళకుండ పెట్టుకుంది. 2002లో ఆ పథకం మూసేసినారు. వండే మనిషిని ఒక్క మాట అడక్కుండా పొయ్యి చేస్తే అట్నే ఉంటది.

మన పక్క ముత్తుకూరు మండలం నేలటూరులో థర్మల్ స్టేషన్ ఉంది గదా. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టినారు. 1960లో ముఖ్యమంత్రి అయిన మన మనిషి, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. మూడు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు. 500 మెగావాట్లు, అంతకు పైబడిన యూనిట్లకు 275 మీటర్ల ఎత్తు పొగగొట్టం ఉండాలని అవి కట్టే నాటికి నియమం. ఆ బొగ్గు వల్ల, బూడిద వల్ల చుట్టుపక్కల జనం పడే బాధ వేరే సభ పెట్టి మాట్లాడాల్సిన మాట, ఈ పొద్దు దాంట్లోకి పోను. నేను అడిగేది ఒక్కటే. కరెంటు పొయ్యికి 275 మీటర్ల గొట్టం కావాలని తెలిసిన ప్రభుత్వానికి, మన ఆడబిడ్డ పొయ్యికి ఆరడుగుల గొట్టం కావాలని తెలియలేదా? సంజీవయ్య పేరు గోడ మీద రాస్తే చాలునా?

ఇల్లు సంగతి చూడండి. పక్కా ఇళ్ళని మనకు కట్టిచ్చినవి ఒక గది. వంటగది లేదు. ఉన్న ఒక్క కిటికీ కూడా పక్కింటి గోడను చూస్తా ఉంటది. గుడిసెలో అయితే తాటాకు సందుల్లో నుంచి పొగ కొంచెమన్నా పోయేది. సిమెంటు స్లాబు కింద అది కూడా పోదు. 2020 డిసెంబరులో ఇచ్చిన పట్టాలు పల్లెల్లో సెంటున్నర, ఇంటి నమూనా 340 చదరపు అడుగులు. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు అంటా ఉంది. సెంట్లు లెక్కపెట్టడం మనకు అలవాటైంది, మంచిదే. వంటగది యాడ, కిటికీ ఏ దిక్కున, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాల అని కూడా అడగడం అలవాటు కావాల. గ్రామసభలో ఇంటి ప్లాను కాగితం పెట్టమని అడగండి. అడిగేది ఆడోళ్ళే అయి ఉండాల. సావిత్రీబాయి చదువుకోమన్నది దీనికి కూడా.

ఇక గ్యాసు. 1999లో దీపం, 2016లో ఉజ్వల. మన రాష్ట్రంలో నూటికి ఎనభైకి పైగా ఇళ్ళు గ్యాసుతోనో కరెంటుతోనో వండుతున్నాయని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే. ఆ లెక్క అబద్ధమని నేననను. ఆ సర్వే అడిగేది ముఖ్యంగా దేంతో వండుతారని. మన ఇంట్లో గ్యాసు ఉంటుంది, పక్కనే కట్టెపొయ్యి కూడా ఉంటుంది. టీకి గ్యాసు, బువ్వకు కట్టె. స్నానం నీళ్ళకు కట్టె. గొడ్డుంటే కుడితికి కట్టె. బండ సగం దాటితే ఆడమనిషికి భయం మొదలవుతుంది, మళ్ళీ కట్టెకు పోతుంది. 2024 నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. మంచిదే, మన ఓటు భయం కొంత పని చేసింది. మొదలుపెట్టినప్పుడు ముందు మనం డబ్బు కట్టాల, తర్వాత ఖాతాలో వేస్తామన్నారు. ముందు కట్టడానికి చేతిలో ఉంటే ఆ బాధే లేదు గదా! మా ఇంట్లో నలుగురికి మూడు పూటలా గ్యాసు మీదనే వండితే ఏడాదికి ఏడెనిమిది బండలు పోతాయి. మూడు బండలు అయిదు నెలల బువ్వ. మిగతా ఏడు నెలలు పొగే.

ఒక చేదు నిజం కూడా చెప్తా, దాచిపెడితే నేను అయ్యవారిని కాదు. గ్యాసు ఇస్తే ఏమవుతుందో చూద్దామని నాలుగు దేశాల్లో పెద్ద పరీక్ష చేసినారు. మన పక్క తమిళనాడు, గ్వాటెమాల, పెరూ, రువాండా. 3200 మంది గర్భిణులు. సగం మందికి పొయ్యి, గ్యాసు ఉచితంగా ఇంటికి తెచ్చి ఇచ్చినారు. వాళ్ళు పీల్చే ధూళి 24 మైక్రోగ్రాముల దాకా దిగింది, మిగతా సగం మందికి 70 దగ్గర ఉంది. ఇంత తగ్గినా పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో, న్యుమోనియాలో కూడా తేడా కనపడలేదని 2024లో బయటపెట్టినారు. దీన్ని పట్టుకోని రేపు ఏ ఆఫీసరో 'చూడండి, గ్యాసు దండగ' అనొచ్చు. అందుకే మీకు ముందే చెప్తుండా. నాకు అర్థమైంది ఇది: బండ ఒక్కటి పెట్టి, తల్లి కడుపుకు తిండి పెట్టకుండా, నెత్తురు లేక తెల్లబోయిన మనిషిని నెలలు నిండేదాకా నాట్లకు పంపి, బిడ్డ బరువు ఎందుకు పెరగలేదంటే ఎట్లా? ఏళ్ళ తరబడి పీల్చిన పొగ కడుపులో బిడ్డ పెరిగే కొన్ని నెలల్లో కడుక్కుపోతుందా? పక్కింటి పొగ మన ఇంట్లోకి రాదా? ఒక్క ఇంటికి గ్యాసు ఇస్తే చాలదు, వాడంతా మారాల. తిండి, కూలి, ఇల్లు, గాలి విడివిడిగా దొరకవు.

మగోళ్ళతో ఒక మాట. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా మీద చీపుర్లు ఎత్తినారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడోళ్ళ పేరు చెప్పుకోని మనం సభల్లో చప్పట్లు కొట్టించుకుంటాం. ఈ పొద్దు నెలకు మందుకు ఎంత పోస్తున్నామో, ఫోను రీచార్జికి ఎంత పోతుందో ఎవరికి వాళ్ళు లెక్క వేసుకోండి. నేను వేసుకున్నా, నాకు సిగ్గేసింది. నేను మందు తాగను, పెట్రోలు తాగించినా. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి వంట నాది. మా యావిడ నన్ను చూసి మొదట నవ్వింది, ఇప్పుడు ఉప్పు ఎక్కువైతే తిడతా ఉంది.

గ్యాసు రేపే అందరికీ రాదు. అప్పటిదాకా చేతిలో ఉన్నది చేయాల. ఎండాకాలంలోనే కట్టె ఎండబెట్టి వానకు తడవని చోట పేర్చుకోండి. సన్నగా చీల్చిన ఎండు కట్టె మండుతుంది, పొగ తక్కువ. ఎసరు మీద మూత పెట్టండి. పొయ్యిని వాకిలి దగ్గరికో, వసారాలోకో తెచ్చుకోండి. కప్పుకు కిందుగా గోడలో రెండు పక్కలా ఎదురెదురుగా బెత్తెడు సందు పెట్టించండి, వాన పడకుండా పైన చిన్న రేకు చాలు. పసిబిడ్డను, చూలాలిని పొయ్యికాడికి రానివ్వొద్దు. ముసలోళ్ళ మంచం పొయ్యి పక్కన వేయొద్దు. చలికి కుంపట్లో నిప్పులు పోసి తలుపు మూసుకోని పడుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. పొయ్యిలో ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు వేసి రాజేయడం మానండి, ఆ పొగ కట్టెపొగ కంటే చెడ్డది.

దోమల చుట్ట గురించి కూడా చెప్పాల. మన పక్క కాలవలు, వరిమళ్ళు, గుంటలు, దోమలకు కొదవ లేదు. గ్యాసు ఉన్న ఇంట్లో కూడా రాత్రికి తలుపులేసి దోమల చుట్ట వెలిగిస్తాం. ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన. బిడ్డ పక్కన నూరు సిగరెట్లు ఎవడన్నా తాగితే కొడతాం గదా? దోమతెర కట్టుకోండి. చవక కూడా.

మన బడి సంగతి చెప్పకపోతే తప్పు. మధ్యాహ్న భోజనం వండే అమ్మలు నేను చూసిన చాలా బళ్ళల్లో రేకుల షెడ్డు కింద కట్టెల మీదనే వండుతున్నారు. వందమందికి బువ్వ, గంటల తరబడి. ఆ పొగ తరగతి గదిలోకి వస్తే మేము కిటికీలు మూయిస్తాం. ఆ అమ్మలు యాడికి పోవాల? వాళ్ళల్లో మనవాళ్ళు ఎందరో. ఆ వంట మా పిలకాయలు తినరని కొందరు పెద్దకులపోళ్ళు గొడవ చేసినప్పుడు మనం పోయి నిలబడినాం. ఆ వంటమ్మ ఊపిరి గురించి కూడా పోయి నిలబడాల.

ఇదిగో, ఈ రెండు గుడ్డలు చూడండి. ముందున్న అమ్మలు పట్టుకోని వెనక్కి పంపండి. రెండూ ఒకే తాన్లో చించిన తెల్లగుడ్డ. మా ఏడో తరగతి పిల్లలు కట్టినారు. ఒకటి గ్యాసు వాడే ఇంట్లో వంటకాడ, ఒకటి కట్టెపొయ్యి ఇంట్లో. వారం రోజులే. ఈ రెండోది తెల్లగా ఉండేదంటే మీరు నమ్మరు. దాన్ని తెచ్చిన పిల్ల, "సార్, మా యమ్మ లోపల కూడా ఇట్నే ఉంటదా?" అని అడిగింది. నేను పాఠం ఆపేసి బయటికి పోయినా.

గుడ్డ మన సాక్ష్యం. ఆఫీసర్లకు అంకెలు కావాల. మన మండలంలోనే కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. సైన్సు చదువులు ఉన్నాయి. మన ఇళ్ళకొచ్చి యంత్రం పెట్టి గాలి కొలవమని, ఆ లెక్క మనకు తెలుగులో రాసి ఇవ్వమని వాళ్ళకు అర్జీ తయారుచేసినాం. ఇంకో అర్జీ మండల ఆఫీసుకు: కొత్త ఇళ్ళకు వంటగది, ఎదురెదురు కిటికీలు, పాత పక్కా ఇళ్ళకు పొగగొట్టం ఖర్చు, బడి వంటకు గ్యాసు. మూడోది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి: నెలల తరబడి దగ్గు, ఆయాసం ఉన్న ఆడోళ్ళకు ఊది చూసే పరీక్ష చేయించాలని. దగ్గు రెండు వారాలు దాటితే గళ్ళ పరీక్ష కూడా అడగండి, క్షయ అయ్యుండొచ్చు. కట్టెపొగలో ఉండేవాళ్ళకు క్షయ ఎక్కువగా వస్తుందని కూడా పరిశోధనలు చూపించినాయి.

అర్జీలు అక్కడ బల్ల మీద ఉన్నాయి. సంతకం రాని అమ్మలు వేలిముద్ర వేయొద్దు, కాసేపు కూర్చోండి, మా పిల్లలు పేరు రాయడం నేర్పిస్తారు, పలకలు తెచ్చినారు. ఆయాసంతో బాధపడే వాళ్ళ పేర్లు వేరే కాగితంలో రాయించండి, వచ్చే ఆదివారం ఆటో మాట్లాడి నేనే తీసకపోతా. పొద్దున నాకు కాఫీ ఇచ్చిన చెల్లెలు వెనకాల ఉంది, ఆమె పేరు ముందు రాయించాల. రామ్మా.

జై భీమ్.